చేతికి తగిన అమరిక



పటమటనుండి యొక సోదరి వ్రాసిన లేఖకు ఈ నెల మా పుట యంతయు కేటాయించుచున్నాము. ఆమె గృహము బెంజ్ సర్కిలునకు కూతవేటు దూరమున నున్నది. వయస్సు నలుబదియాఱు. ఏకైక కుమారుడు ఉద్యోగార్థమై పూనాలో నున్నాడు. ప్రతి శనివారము రాత్రి తల్లియు, కొడుకును, వాని మిత్రు లిద్దఱును గలసి ‘బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ అను సెల్‌ఫోను ఆట నాడుచున్నారు. “ఊరక ఫోను చేసినచో రెండు నిమిషములలో ‘పని యున్నదమ్మా’ యని పెట్టివేయువాడు, ఆటలో గంటసేపు మాటలాడును. ఏమి తినినాడో, జ్వరము తగ్గినదో అప్పుడే నాకు తెలియును. కాని నేను దిగిన అయిదు నిమిషములకే పడిపోవుచున్నాను. నన్ను లేపవచ్చి వాడును చచ్చుచున్నాడు. పిల్లలు పైకేమియు ననరు గాని, నన్ను మోయుచున్నారని నేనెఱుగుదును. మానివేయుదునా? నలువది యయిదు వేల ఫోను కొనిన బాగుపడునని దుకాణమువా రనుచున్నారు. కొందునా?” అని ఆమె ప్రశ్న.

ఈ ఆట నెఱుగని సోదరీమణులకు రెండు మాటలు. నూఱుగురు ఆటగాండ్రు గొడుగులు కట్టుకొని ఒక దీవిలో దిగుదురు. దొరికిన ఆయుధములతో పోరాడుదురు. నిలువదగిన ప్రదేశము వలయమువలె కుంచించుకొని పోవుచుండును. కడవఱకు మిగిలిన జట్టుది గెలుపు. పడిపోయినవారి ప్రక్క జట్టువారు కొన్ని క్షణములు కూర్చుండి లేవదీయవచ్చును. దీని పూర్వరూపమగు పబ్జీ మొబైలును మన ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించినది. దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ 2021 జూలైలో ఈ క్రొత్త పేరుతో దానిని తెచ్చినది. 2022 జూలైలో మరల తొలగింపబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చినది.

నలుబది దాటిన గృహిణికి ఆట లేమిటని ముక్కున వ్రేలు వేసికొనువారు గలరు. గవ్వలు, అచ్చనగాయలు, వైకుంఠపాళి మన పెద్దమ్మలు ఏ వయస్సున మానినారో వారే చెప్పవలెను.

మానవలసిన పనియు లేదు, కొనవలసిన పనియు లేదు. అసలు కారణము ఆమె లేఖలోనే యొక మూల నున్నది. తన అమరికల కోడును కుమారుడు ప్రేమతో తల్లికి పంపినాడట. ఆమె దాని నట్లే ఎక్కించుకొన్నది. ఆ యబ్బాయి నాలుగు వ్రేళ్లతో ఆడువాడు. ఫోను పైమూలల నున్న మీటలను చూపుడు వ్రేళ్లతో నొక్కును. తల్లి రెండు బొటన వ్రేళ్లతో ఆడుచున్నది. అవి ఆ మూలలకు ప్రాకిపోవు లోపల శత్రువు రెండు మాఱులు కాల్చును. మంగళగిరి నూలుచీరకు అంచు కుట్టిన కుట్టుమిషనుపై దారపు బిగువు మార్చక పలుచని పట్టు రవికె కుట్టిన ఏమగునో మన కెవరును చెప్పనక్కఱలేదు. మిషను మంచిదే, దారము మంచిదే. బిగువు ఆ గుడ్డది కాదు.

కావున మొదట మీటలను తన బొటన వ్రేళ్ల పరిధిలోనికి జరుపుకొనవలెను. ఫోనును సహజముగా పట్టుకొని, కన్నులు మూసికొని, కుడి బొటన వ్రేలు ఎచ్చట వ్రాలునో అచ్చటనే కాల్పుమీట యుండవలెను. తఱచు వాడువానిని పెద్దవి చేసి, వాడనివానిని చిన్నవి చేసి ప్రక్కకు నెట్టవచ్చును. దొరికిన వస్తువులను తానే ఏఱుకొను సదుపాయమును, గుఱికి తోడ్పడు సదుపాయమును ఆటలోనే యున్నవి. వానిని వాడుకొనుటలో చిన్నతన మేమియు లేదు.

తరువాతిది సెన్సిటివిటీ. వ్రేలు ఇంత కదిపిన చూపు ఎంత తిరుగవలె నను లెక్క యిది. పడుచువాండ్రు దీనిని మిక్కిలి హెచ్చుగా నుంచుకొందురు. అలవాటు లేని చేతిలో అట్టి అమరిక జాఱుడుబండ వంటిది. శిక్షణా మైదానములో ఒక గోడ యెదుట నిలిచి, వెనుకకు తిరుగవలెనని ఒక్కసారి వ్రేలు లాగి చూడవలెను. చూపు వెనుక దిక్కును దాటిపోయిన అంకె తగ్గింపవలెను, చేరకున్న హెచ్చింపవలెను. అయిదేసి చొప్పున మార్చుట మేలు. దుర్భిణి గల తుపాకులకు వేఱు అంకె లున్నవి. దుర్భిణి శక్తి హెచ్చినకొలది అంకె తగ్గుచుండవలెను, ఏలయన దూరమున నున్నది దగ్గఱగా కనబడునపుడు చేతి వణకు కూడ పెద్దదిగానే కనబడును. కాల్చునప్పటి అంకె వేఱు. తుపాకి కాల్చుచుండగా మొన పైకెగయును; వ్రేలితో క్రిందికి లాగవలెను. లాగినను మొన మింటికే పోవుచున్న ఆ అంకె పెంచవలెను, నేల చూచుచున్న తగ్గింపవలెను. ఒక దినమున ఒక్కదానినే మార్చి రెండు మూడు దినములు ఆడినగాని చేతికి తెలియదు. పూటకొక ప్రసిద్ధ ఆటగాని అంకెలు తెచ్చి వేసికొనువారికి ఏ అంకెయు కుదురదు. ఫోనును వంచి గుఱి చూచు గైరోస్కోపు కొందఱికి తల త్రిప్పును. ఆమె దానిని ఇప్పటికి ఆపియుంచుట మంచిదని మా యభిప్రాయము.

చిత్రముల విషయములో అందము కన్న ఒరవడి ముఖ్యము. గ్రాఫిక్సు ‘స్మూత్’ అను మెట్టుపై నుంచి, ఫ్రేమ్ రేటును ఫోను భరింపగలిగినంత పెంచవలెను. సెకనుకు ముప్పది బొమ్మలకు మారుగా అఱువది వచ్చినచో కదలిక తేటగా కనబడును. నీడలు, తళుకులు తగ్గిన శత్రువు దాగుటకు చోటు తగ్గునే గాని మనకు నష్టము లేదు. అయితే మన బెజవాడ రోహిణికార్తెలో ఫోను కాగి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అట్టి దినములలో ఛార్జింగు పెట్టి ఆడరాదు. వెనుక తొడుగు తీసివేయవలెను. ఫ్రేమ్ రేటు ఒక మెట్టు దించుకొనవలెను. ఆగి ఆగి వచ్చు అఱువది కన్న నిలుకడగా వచ్చు నలువది మేలు. చత్వారము వచ్చిన కన్నులకు దగ్గఱ అద్దములు పెట్టుకొనుటయు ఒక అమరికయే. నలుబదియాఱేండ్ల సోదరి ఆ సంగతి లేఖలో వ్రాయలేదు గాని, మేము అడుగకుండ ఉండలేము.

ఇవన్నియు కుదిరినను దారి మూసికొనిన ఫలము లేదు. బెంజ్ సర్కిలువద్ద వంతెనలు 2020లో నొకటి, 2021లో నొకటి తెఱువబడకముందు, ఎంత మంచి కారైనను బందరు రోడ్డును మదరాసు-కలకత్తా రహదారియు కలియు ఆ కూడలిలో నిలిచియుండవలసినదే గదా. ఆటలో ‘పింగ్’ అని కనబడు అంకె అట్టిది. మనము నొక్కినది ఆటకు చేరి తిరిగివచ్చు కాలమది. అది నూఱు దాటి ఎగిరిపడుచున్నచో లోపము చేతిది కాదు, ఫోనుది కాదు. వైఫై పెట్టె యున్న గదిలోనే కూర్చుండి, ఇంటిలో ఇతరులు సినిమా చూడని వేళ ఆడవలెను.

చెవులకు ఇయర్‌ఫోను తప్పనిసరి. శత్రువు అడుగుల చప్పుడు ఏ ప్రక్కనుండి వచ్చునో దానివలననే తెలియును. జట్టువారి మాటల ధ్వనిని ఆట ధ్వనికన్న కొంచెము తగ్గింపవలెనని నేర్పరు లందురు. ఆ సోదరి మాత్రము అట్లు చేయవలదు. ఆమె ఆడుచున్నదే ఆ మాట వినుటకు.

బయటినుండి తెచ్చిన ఉపకరణములతో ఆట లోపలి లెక్కలు మార్చు పద్ధతి కలదు. అది నియమవిరుద్ధము, ఖాతా మూసివేయుదురు. రూకలు పోసి కొను రంగురంగుల దుస్తులవలన గుఱి కుదురదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకు దినమునకు మూడు గంటల మితి యున్నది. మూడు గంటలు కూడ మా దృష్టిలో హెచ్చే.

అంకెలన్నియు కుదిరిన పిమ్మట వానిని పద్దుపుస్తకము కడపటి పుటలో వ్రాసికొనవలెను. ఫోను మారినపుడు అవి పోవుట కద్దు. అమరికను ఆటలో వేఱొక గడిలో దాచుకొను వీలున్నది గనుక, కుమారుడు పంపినది చెఱిపివేయక, దాని ప్రక్కనే తనది ఉంచుకొనవచ్చును.