న్యాయాధిపతుల జీతములు

జీతము నిర్ణయించు ప్రభుత్వమే కక్షిదారుగ ఎదుట నిలిచినప్పుడు న్యాయాధిపతి తీర్పునందు ప్రజలకు విశ్వాస మెట్లు కలుగును? ఈ శంకను తొలగించుటకే 1950 లో రాజ్యాంగ నిర్మాతలు హైకోర్టు న్యాయమూర్తికి నెలకు 3,500 రూపాయలని, ప్రధాన న్యాయమూర్తికి 4,000 రూపాయలని రాజ్యాంగపు రెండవ షెడ్యూలునందే వ్రాసియుంచిరి. ఆ సొమ్ము రాష్ట్రపు ఖజానానుండి చెల్లునుగాని శాసనసభ వోటునకు లోబడదు.

కాని తగ్గింప వీలులేని అంకె పెంచుటకును సులభము కాలేదు. 36 సంవత్సరములు 3,500 రూపాయలు అట్లే యుండెను. బజారు ధరలు అట్లే యుండలేదు. ఏ మంత్రియు చేయజాలని కోతను రూపాయి విలువ తగ్గుట నిశ్శబ్దముగ చేసివైచెను. 1986 లో 54వ రాజ్యాంగ సవరణమువలన జీతము 8,000 రూపాయలయ్యెను. ఇకమీదట దానిని నిర్ణయించు అధికారము పార్లమెంటునకు సంక్రమించెను. 2018 నాటి శాసనము దానిని 2,25,000 రూపాయలు చేసెను. అది 2016 జనవరినుండి వర్తించవలసినది. శాసనము వచ్చుసరికి రెండేండ్లు గడచెను.

ఐనను హైకోర్టు గడప త్రొక్కు సామాన్యులెందరు? పొలముగట్టు తగవును, మనోవర్తి దావాను విచారించునవి దిగువ కోర్టులు. జిల్లా మునసబు మొదలు జిల్లా జడ్జి వరకు గలవారి జీతములు ఆయా రాష్ట్రముల నిబంధనలకు లోబడినవి. ఆ కోర్టులలో తరచుగా ప్రతివాది ఆ ప్రభుత్వమే. 1996 లో జస్టిస్ జగన్నాథశెట్టి, 2017 లో జస్టిస్ వెంకటరామరెడ్డి అధ్యక్షులుగా వేతన సంఘములు ఏర్పడుటకు న్యాయాధిపతుల సంఘము సుప్రీంకోర్టునందు నడపిన వ్యాజ్యములే కారణము. రెండవ సంఘము 2020 లో నివేదిక నొసగినను, జీతముల పెంపును అమలు జరుపుడని 2022 లో ఆ కోర్టే ఆజ్ఞాపింపవలసివచ్చెను. తీర్పు చెప్పవలసినవారు వాదులై నిలుచుట ఎవరికిని గౌరవము కాదు.

కూలివాడు పస్తులుండగా న్యాయాధిపతికి హెచ్చు జీతమేల యని కొందరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మేము కోరునది హెచ్చు జీతము కాదు, క్రమము. నియతకాలమున నిష్పక్షపాతమైన సంఘము జీతములను పరిశీలింపవలయును. దాని నివేదిక గడువులోపల శాసనసభ యెదుటికి రావలయును. ప్రభుత్వము కాదనినచో కారణములు బహిరంగముగ చెప్పవలయును. ప్రతి రాష్ట్రమును ఇట్టి శాసనము చేసికొనవలెనని మా యభిప్రాయము. న్యాయాధిపతి ప్రభుత్వమును అడుగ నక్కరలేనినాడే, ప్రభుత్వముపై దావావేసిన రైతు నిర్భయముగ కోర్టు మెట్లెక్కగలడు.