జిల్లా సగటు దాచే కరువు

ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు తీస్తే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల కరువు సగం మరుగున పడిపోతుంది. 2022 ఏప్రిల్ దాకా అదే జిల్లాలో ఉన్న నంద్యాల వైపు కేసీ కాలువ, తెలుగుగంగ, శ్రీశైలం కుడికాలువ కింద వరిమళ్లు. ఇటు పడమట కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, హొళగుంద మండలాల్లో ఎక్కువగా వానను నమ్ముకున్న చేలు. రెండింటినీ కలిపి భాగిస్తే వచ్చే అంకె ఏ ఊరికీ సరిపోదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి జిల్లా అక్షరాస్యత 60 శాతం. అందులో కర్నూలు నగరమూ ఉంది, నంద్యాలా ఉంది. అమ్మానాన్నలు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతే వాళ్ల వెంట గుంటూరు మిరపచేలకు వెళ్లి బడికి దూరమయ్యే కోసిగి పిల్లలు మాత్రం ఆ అంకె అడుగున ఎక్కడో ఉండిపోతారు. పేదరికాన్ని ఎంత విస్తీర్ణం మీద కొలుస్తామన్నది గణాంకశాఖ తేల్చుకోవాల్సిన చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఏ ఊరికి రూపాయి చేరుతుందో, ఏ ఊరికి చేరదో నిర్ణయించేది అదే. తెలుగు ఆర్థికవేత్తల్లో ఈ సంగతిని జీవితమంతా పట్టించుకున్నవారిలో డాక్టర్ సి.హెచ్. హనుమంతరావు ముందుంటారు. ఆయన కృషిని తెలంగాణ వాదానికే పరిమితం చేసి చదవడం వల్ల రాయలసీమ, ముఖ్యంగా పశ్చిమ కర్నూలు, చాలా నష్టపోయిందని నా అభిప్రాయం.

1929లో పాత కరీంనగర్ జిల్లాలో పుట్టిన హనుమంతరావు ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్‌లో వ్యవసాయ ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్నారు. ఏడో, ఎనిమిదో ఆర్థిక సంఘాల్లో సభ్యులు. 1982 నుంచి 1986 వరకు ప్రణాళికా సంఘం సభ్యులు. 2004లో పద్మభూషణ్ అందుకున్నారు. ఈ పదవుల వరుస కంటే వాటి వెనుక నడిచిన ప్రశ్న ముఖ్యం. హరితవిప్లవంతో దేశంలో ధాన్యం దిగుబడి పెరిగిందని అందరూ సంతోషిస్తున్న రోజుల్లో, 1975లో వచ్చిన తన గ్రంథంలో ఆయన ఆ లాభం ఎవరికి దక్కిందని అడిగారు. నీటి వసతి ఉన్న ప్రాంతాలు, పెట్టుబడి పెట్టగల రైతులు ముందు అందుకున్నారు; మెట్టప్రాంతాలు వెనకబడ్డాయి. దేశం మొత్తం మీద పెరిగిన దిగుబడి లెక్క నిజమే. ఆ లెక్కలో ఆలూరు, ఆదోని వంటి మెట్టసీమల స్థితి కనిపించకపోవడమూ అంతే నిజం.

ఆ ప్రశ్నకు ఆచరణ రూపం 1994లో వచ్చింది. కరువు పీడిత ప్రాంతాల అభివృద్ధి పథకం 1973-74లో మొదలైంది. ఇరవై ఏళ్లు ఖర్చుపెట్టినా కరువు నేలలు ఎందుకు కోలుకోలేదో చూడమని కేంద్రం హనుమంతరావు అధ్యక్షతన కమిటీ వేసింది. డబ్బు శాఖల వారీగా చీలిపోయి ఒకరి పని మరొకరితో కలవకపోవడాన్ని, ప్రజలకు అందులో పాత్ర లేకపోవడాన్ని ఆ కమిటీ గుర్తించింది. పరిపాలనా సరిహద్దును వదిలేసి, నీరు పారే దారిని ప్రమాణంగా తీసుకోమంది. సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను ఒక యూనిట్‌గా, అక్కడి జనం కమిటీగా ఏర్పడి పని చేసుకునేలా మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. నల్లరేగడి తెలిసినవాళ్లకు ఇందులోని వివేకం వెంటనే అర్థమవుతుంది. తడిసి ఉబ్బిన రేగడి నీటిని త్వరగా ఇంకించుకోదు. వాలుకు అడ్డంగా గట్టు లేకపోతే గట్టివాన పైమట్టిని వంకలోకి ఈడ్చుకుపోతుంది. పై చేనులో గట్టు వేయకుండా కింది చేనుకు నీటికుంట తవ్వితే ఆ కుంట ఒండ్రుతో నిండిపోతుంది. ఈ రెండు చేలు వేర్వేరు రైతులవి కావచ్చు, వేర్వేరు ఊళ్లవీ కావచ్చు. వంక మాత్రం ఒక్కటే.

ఈ ఆలోచనకు పూర్తిగా ఎదురు దిక్కులో నడిచింది 2014 తర్వాతి ప్రత్యేక ప్యాకేజీ. రాష్ట్ర విభజన చట్టం 46(3) సెక్షన్ రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ప్రత్యేక సాయం ఇస్తామంది. ఆచరణలో ఏడు జిల్లాలకు తలా 50 కోట్ల చొప్పున ఏడాదికి 350 కోట్లు, మూడేళ్లు విడుదలయ్యాయి. మొత్తం చాలదన్న విమర్శ బాగా వినిపించింది, అది న్యాయమైనదే. అంతకన్నా పెద్ద లోపం పంచిన పద్ధతిలో ఉంది. ప్రతి జిల్లాకూ ఒకే మొత్తం, జిల్లా లోపల ఎక్కడ ఎంత అవసరమన్న కొలత లేదు. ఆ 50 కోట్లలో కోసిగికి ఎంత, నంద్యాలకు ఎంత అన్న ప్రశ్నకు పద్ధతి ప్రకారం జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేకుండా పోయింది.

గట్లు, కుంటలు ఎందుకు, ముందు తుంగభద్ర దిగువ కాలువకు హక్కుగా రావాల్సిన నీళ్లు తెప్పించండి అని పశ్చిమ కర్నూలు రైతు అడుగుతాడు. ఆ మాటకు బలం ఉంది. ఆంధ్ర వాటాగా ఈ కాలువకు 24 టీఎంసీలు కేటాయించారు. 133 టీఎంసీల జలాశయం పూడికతో సుమారు 105కు పడిపోయింది. పైన కర్ణాటక ఆయకట్టును దాటి వచ్చే కాలువలో చివరి భూములకు చేరేది తక్కువ. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయాక ఆ జలాశయం మీద ఎంత ఆధారపడ్డామో అందరికీ తెలిసింది. ఈ పోరాటం ఆగకూడదు. కానీ వాటా పూర్తిగా వచ్చినా కాలువ కింద తడిసే భూమి లక్షన్నర ఎకరాలు మాత్రమే. దానికి పైనున్న మెట్ట మిగిలే ఉంటుంది. సుగ్గిబాట పట్టే కుటుంబాల్లో చాలావాటి చేలు అక్కడివే. కాలువ, వంక రెండూ కావాలి, ఒకదాన్ని చూపించి మరొకదాన్ని వాయిదా వేయడం అన్యాయం.

వాటర్‌షెడ్లు చూశాం, చెక్‌డ్యాంలు పూడిపోయాయి, కమిటీలు కాగితాలకే మిగిలాయన్నది రెండో అభ్యంతరం. చాలాచోట్ల అదే జరిగింది. ప్రాజెక్టు కాలం ముగిశాక నిర్వహణ చూసేవాళ్లు లేకపోవడం, కమిటీ పేరుతో కాంట్రాక్టరు పని చేయడం ఇందుకు కారణాలు. హనుమంతరావు కమిటీ హెచ్చరించింది ప్రజల పాత్ర లేని ఈ పనితీరు గురించే. జనం కలిసి సంస్థను నిలబెట్టుకోలేరన్న నిరాశకు ఎమ్మిగనూరులో తావు లేదు. 1938లో ఇక్కడ మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం మగ్గం మీద బతికే కుటుంబాలకు నూలు, అమ్మకం చూడటంతో ఆగలేదు. ఇళ్లు, చదువు, వైద్యం దాకా పోయింది. అందుకే 1954లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. చేనేత తర్వాత దెబ్బతిన్నది మార్కెట్ మారినందువల్ల, విధానాలు మారినందువల్ల. సహకారం ఈ నేలకు పడదని దాన్నిబట్టి తేల్చలేం.

ఇక ఆదోనిని ప్రత్యేక జిల్లా చేయాలన్న డిమాండు. చిన్న పాలనా యూనిట్లను హనుమంతరావు సమర్థించారు, 2010లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే చిన్న రాష్ట్రాల ప్రస్తావన ఉంది. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రంతో పాటు కర్నూలులో కలిసిన ఆదోని, ఆలూరు తాలూకాల చరిత్ర కూడా ఈ కోరికకు బలాన్నిస్తుంది. జిల్లా వస్తే మేలే. అయితే కొత్త జిల్లాలోనూ ఆదోని పట్టణం పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులతో సగటును పైకి లాగుతుంది, కోసిగి మళ్లీ కింద మిగిలిపోతుంది. కాబట్టి జిల్లా కోసం అడిగే నాయకులు అదే గొంతుతో ఇంకొకటి కూడా అడగాలి: కరువు, వలస, నీటిపారుదల ఖర్చులను మండలం వారీగా, వాటర్‌షెడ్ వారీగా బడ్జెట్ పత్రాల్లో అచ్చువేయడం. జనాభా లెక్కలు గ్రామం దాకా ఉన్నాయి, ఉపాధి హామీ జాబ్‌కార్డుల వివరాలు పంచాయతీ దాకా ఉన్నాయి. వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్ల హాజరుపట్టీలూ ఉన్నాయి. వీటిని ఒకచోట పెట్టి చూస్తే ఏ మండలం నుంచి ఎంతమంది, ఏ నెలల్లో పోతున్నారో తెలుస్తుంది. రేగడి నేలల్లో గట్ల పని ఆ నెలల కన్నా ముందే మొదలయ్యేలా డబ్బు విడుదల చేయడం ఆర్థిక శాఖ చేతిలోని పని.