ఊటలను లెక్కిస్తున్నారు సరే, తాగేవాళ్లను?

ఏడవ చిన్నతరహా నీటిపారుదల గణనతో కలిపి కేంద్ర జలశక్తి శాఖ తొలిసారి ఊటలను కూడా లెక్కించడానికి పూనుకుంది. మంచిదే. నిజానికి చాలా ఆలస్యమైంది. 2023లో విడుదలైన మొదటి జలవనరుల గణన దేశంలో 24 లక్షలకు పైగా చెరువులు, కుంటలు, ట్యాంకులను నమోదు చేసింది. అయితే నీళ్లు ఒకచోట నిలవ ఉంటేనే అది జలవనరు అన్నది ఆ గణన పెట్టుకున్న నిర్వచనం. కొండ పొట్టలోంచి ఉబికి పారిపోయే ఊటకు అందులో చోటు దొరకలేదు. దేశంలో 50 లక్షల దాకా ఊటలున్నాయనీ, వాటిలో 30 లక్షలు ఒక్క హిమాలయ ప్రాంతంలోనే ఉన్నాయనీ, అక్కడ దాదాపు సగం ఎండిపోతున్నాయనీ నీతి ఆయోగ్ నివేదిక 2018లోనే చెప్పింది. అవన్నీ అంచనాలే. ఊరూరా తిరిగి లెక్కపెట్టిన వాళ్లు లేరు.

ఈ లెక్క కోసం ఎదురుచూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా పీహెచ్‌డీ పని నీళ్ల మీదే. అయినా నాకొక అనుమానం పీకుతోంది. ఊట ఎంత ఎత్తులో ఉంది, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తుంది, వేసవిలో ఎండుతుందా అన్నవి కొలవడానికి పరికరాలున్నాయి. ఆ నీళ్ల దగ్గరికి ఎవరు ముందు వెళ్తారు, ఎవరు పక్కన నిలబడాలి అన్నది ఏ పరికరానికీ అందదు. మనిషిని అడగాలి.

మా నాయనమ్మ కాలంలో మా పల్లెకు బావి లేదు. ఊరబావి ఉంది గానీ దాని గిలక మీద మావాళ్ల చెయ్యి పడకూడదు. వాగులో ఇసుక తవ్వి, చెలమలో ఊరిన నీళ్లు చిప్పతో కడవలోకి తోడుకునేవాళ్లు. ఆ చెలమ కూడా ఊటే. ఏ రెవెన్యూ రికార్డులోనూ దాని పేరు లేదు. ఎగువన గొడ్లను కడిగితే ఆ రోజుకు మా పల్లెకు నీళ్లు లేనట్టే.

ఊట పనిచేసే తీరు తెలిస్తే ఈ ఎగువ, దిగువల గొడవ ఎంత లోతైనదో అర్థమవుతుంది. వాన కొండ నెత్తి మీద పడుతుంది. రాతి పగుళ్లలోంచి, మెత్తని పొరల్లోంచి ఇంకి, గట్టి రాయి అడ్డం వచ్చినచోట బయటికి వస్తుంది. ఇంకే నేల ఒకచోట, ఊరే చోటు మరొకచోట. ఒక్కోసారి ఇంకే నేల కొండకు అవతలి వైపు ఉండొచ్చు. కాబట్టి ఊట దగ్గర సిమెంటు తొట్టి కట్టినంత మాత్రాన ఊట బతకదు. ఇంకే నేలను కాపాడాలి. సిక్కిం 2008లో మొదలుపెట్టిన ధారా వికాస్ చేసింది ఇదే. భూగర్భ శాస్త్రం సాయంతో ఇంకే చోటును గుర్తించి, ఉపాధి హామీ కూలీలతో వాలు మీద కందకాలు, గుంతలు తవ్వించారు. ఎండిన ఊటల్లో కొన్ని తిరిగి పారాయి. పద్ధతి పనిచేస్తుంది, అందులో సందేహం లేదు.

నా ప్రశ్న ఆ పద్ధతి భారం ఎవరి మీద పడుతుందన్నది. ఇంకే నేల ఎవరిది? చాలాచోట్ల అడవి శాఖది, లేదా భూమి ఉన్న కులాలది. ఊట దగ్గర కడవ పట్టుకుని నిలబడేది చాలాసార్లు సెంటు భూమి లేని దళితవాడ. ఎగువన ఎవరైనా బోరు వేస్తే, చెట్లు కొట్టి తోట పెడితే దిగువన ఊట సన్నబడుతుంది. అడగడానికి కాగితం మీద వీళ్లకు ఏ హక్కూ ఉండదు. పోనీ ఊరంతా కలిసి ఊటను కాపాడుకుందామని తీర్మానం చేస్తే, అందులో మొదటి షరతు ఎగువన మేపు బంద్ అని ఉంటుంది. భూమి ఉన్నవాడికి తన చేను గట్టున గడ్డి ఉంది. నాలుగు మేకలు తప్ప ఆస్తి లేని ఇల్లు ఏం చేయాలి? ఊట సంరక్షణ నివేదికలు దీన్ని ‘సామాజిక కంచె’ అంటాయి. పేరు ఇంపుగానే ఉంది. కంచె అవతల ఎవరున్నారో కూడా రాయాలి.

ఉత్తరాఖండ్ కుమావూఁలో నౌలాలని ఉంటాయి. ఊట మీద రాతితో కట్టిన చిన్న మెట్ల తొట్లు అవి. వాటి గోడల్లో దేవతా విగ్రహాలు కూడా కనిపిస్తాయి. ఈ మధ్య పత్రికల్లో నౌలాల మీద ‘మన పూర్వీకుల జ్ఞానం’ అంటూ వ్యాసాలు విరివిగా వస్తున్నాయి. అక్కడ రాతిపని చేసే కులాలను శిల్పకార్లంటారు, వాళ్లు షెడ్యూల్డ్ కులాలవారు. రాయి చెక్కి గోడ నిలబెట్టిన చేతులు ఆ నీళ్లను ముట్టుకోకూడదు. వాళ్లకు వేరే ధార, వేరే నౌలా. ఆ జ్ఞానం ఎవరిదో చెప్పకుండా, ఆ నీళ్లు ఎవరికి నిషిద్ధమో చెప్పకుండా నౌలాకు మళ్లీ పవిత్రత పూస్తే, మరమ్మతు అయ్యేది రాళ్లు మాత్రమే కాదు.

మన దగ్గర ఊటల మీద బతికేది ఎక్కువగా తూర్పు కనుమల ఆదివాసులు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గూడేల్లో ఇవాళ్టికీ ఊటగెడ్డ నీళ్లే దిక్కు. ఆ కొండల్లో కొన్నిటి నెత్తి మీదున్న బాక్సైట్ పొర వాననీటిని పట్టి ఉంచి ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా వదులుతుంది. కంపెనీలకు కనిపించింది ఖనిజం. గూడేనికి తెలిసింది నీళ్లు. చింతపల్లి ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని తవ్వకాలకు ఇస్తూ 2015 నవంబర్‌లో జీవో 97 వచ్చింది. పోరాటాల తర్వాత 2019లో రద్దయింది. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు తవ్వకం వద్దన్నాయి. ఆ వైపు కొండల్లో పుట్టే వంశధార శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. అక్కడి గ్రామసభలు ‘వద్దు’ అన్న మాటకు ఇక్కడి రైతు కూడా రుణపడి ఉన్నాడు. ఈ విషయం మన జిల్లాలో ఎందరికి తెలుసు?

చట్టం మాట. అంటరానితనం నేరమన్న 1955 చట్టంలో నది, వాగు, బావి, చెరువులతో పాటు ఊట అన్న మాట కూడా ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఎస్సీ, ఎస్టీలు వాడుకునే ఊటను, నీటి వనరును పాడుచేయడం నేరమని చెప్పింది. 2015 సవరణ ఊటను, ఉమ్మడి వనరులను అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడాన్ని కూడా నేరం చేసింది. ఈ మాటలు చట్టంలోకి ఊరికే రాలేదు. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువును మురికి చేస్తుంటే కత్తి చంద్రయ్య అడ్డుచెప్పాడు, మున్నంగి సువార్త కడవ ఎత్తి నిలబడింది. మర్నాడు ఆరుగురిని చంపారు. ఎగువవాళ్ల మురికి దిగువవాళ్లు తాగాల్సిందే అన్న పెత్తనం మీద ఎత్తిన కడవ అది. నాలుగేళ్లకు వచ్చిన చట్టంలో నీళ్ల క్లాజు చదివినప్పుడల్లా నాకు ఆ కడవే గుర్తొస్తుంది.

అంటే చట్టం ఊటను దళితుల హక్కుగా ఎప్పుడో గుర్తించింది. లెక్కలే వెనకబడ్డాయి. అలా అడగడం మన గణనలకు కొత్త కూడా కాదు. బావి, బోరు యజమాని ఎస్సీనా, ఎస్టీనా అని చిన్నతరహా నీటిపారుదల గణన అడుగుతూనే ఉంది. ఊటకు చాలాసార్లు యజమాని ఉండడు, కాబట్టి అక్కడ అడగాల్సింది వాడుకునేవాళ్ల గురించి. ఏ వాడ ఈ నీళ్లు తాగుతుంది? ఇదే ఊట నుంచి ఎవరికైనా వేరే తొట్టి, వేరే వేళ ఉన్నాయా? ఇంకే నేల ఎవరి పేరున ఉంది? మూడే ప్రశ్నలు. ఈ జవాబులు లేకుండా నిధులు వస్తే పైపు ఏ దారిన పోతుందో మనకు తెలిసిందే. ముందు ఊళ్లోకి, మిగిలితే వాడకు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లంటోంది. పైపు చివరి ఇంటికి ఎన్ని చేరతాయన్నది ఆ చివరి ఇల్లు ఎవరిదన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఇంకొక మాట. ఊట ఎక్కడుందో తెలిసినవాళ్లు రోజూ నీళ్లు మోసే ఆడవాళ్లు. ఏ నెలలో సన్నబడుతుందో, ఏ వానకు తిరిగి పుంజుకుంటుందో వాళ్లే చెప్పగలరు. లెక్క రాసుకునేవాళ్లు రచ్చబండ దగ్గర ఆగి పెద్దమనుషులను అడిగి వెళ్తే, మా నాయనమ్మ చెలమలాంటివి ఈసారి కూడా కాగితమెక్కవు. ఏ రాష్ట్రంలోనైనా, మీ ఊరికి వాళ్లు వచ్చిన రోజున వాడ దాకా తీసుకెళ్లండి.