రాస్తూండగానే చదవటం ఎలా?

విశాఖపట్నం రేవులో సముద్రపు ఆటుపోట్లను కొలుస్తారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఆ కొలతల్లో కూడా కనిపించింది. 2007లో హైదరాబాదులో నెలకొల్పిన సునామీ హెచ్చరిక కేంద్రంవారు ఇటువంటి కొలతలను ఎప్పటికప్పుడు చూస్తూంటారు. రాయటం పూర్తయేదాకా ఆగుదామంటే అల ఆగదు గదా!

కాని రాస్తూండగా చదవటంలో ఒక చిక్కున్నది. కంప్యూటరులో ఒక ప్రోగ్రాము 125 అని రాయబోతూ, 12 రాసిందనుకోండి. సరిగా అప్పుడే మరొక ప్రోగ్రాము చదివితే, కొలత 12 అనుకుంటుంది. ఎంత పొరపాటు!

శాస్త్రజ్ఞులు లెక్కలు దాచుకునే ఫైళ్ళలో హెచ్‌.డి.ఎఫ్‌.5 అనే రకం ఒకటి. అందులో 2016లో ఒక ఉపాయం చేర్చారు. రాసేది ఒక్కటే ప్రోగ్రాము. చదివేవి ఎన్నయినా ఉండవచ్చు. రాసే ప్రోగ్రాము ముందు అంకెలన్నీ పూర్తిగా రాస్తుంది. ఆ తరవాతనే, పుస్తకానికి విషయసూచిక ఉన్నట్టు, ఫైలులో ఉండే సూచికలో వాటిని చేరుస్తుంది. చదివే ప్రోగ్రాము సూచికలో ఉన్నంతవరకే చదివి, కాసేపాగి మళ్ళీ సూచిక చూస్తుంది. అందుచేత కొత్త అంకె ఒక క్షణం ఆలస్యంగా అందవచ్చు గాని, సగం అంకె ఎన్నడూ అందదు.

మరి రెండు ప్రోగ్రాములు ఒకేసారి రాస్తే ఏమవుతుంది? మీరే ఆలోచించండి!