ట్రాలీకి లారీ విడిచిన టైర్లా?

ట్రాక్టరు కొనునపుడు అశ్వశక్తి ఎంత, గంటకు డీజిలు ఎంత త్రాగును అని నలుగురిని విచారించు రైతు, ట్రాలీ టైర్లు అరిగినపుడు మాత్రము పాత టైర్ల దుకాణమునకు పోయి, లారీవారు విడిచిన జతను బేరమాడి తెచ్చును. ఏమని అడిగినచో "మన ట్రాలీ ఏమైనా బొంబాయి పోవునా అండీ, పొలమునుండి కళ్ళమునకే గదా!" అనును. ఇది పొదుపు కాదని నా అభిప్రాయము.

లెక్క చూడుడు. 75 కిలోల ధాన్యపు బస్తాలు 70 ఎత్తినచో 5,250 కిలోలు. ఖాళీ ట్రాలీ 1,500 కిలోలనుకొన్నచో మొత్తము 6,750. నాలుగు చక్రముల ట్రాలీలో ఒక్కొక్క టైరుపై సుమారు 1,690 కిలోలు పడును. అదియు చదునైన నేలపై నిలిచియున్నపుడే. కాలువగట్టుపై ఒక ప్రక్కకు ఒరిగినచో పల్లపు వైపు టైరు తన వాటాను మించి మోయును. చెరకు తోలువారి సంగతి చెప్పనే అక్కరలేదు.

టైరు ఎంత బరువు మోయగలదో దాని ప్రక్కననే అచ్చు వేసియుందురు. కొలత తరువాత 130 అని ఉన్నచో 1,900 కిలోలు, 140 అని ఉన్నచో 2,500 కిలోలు అని అర్థము. సరిపడు గాలి ఉన్నపుడు మాత్రమే సుమా. ప్లై సంఖ్య ఒక్కటే ఉన్నచో, ట్రాలీతో వచ్చిన టైరుకున్న ప్లైకి తగ్గనిది కొనవలెను. పై లెక్కకు 130 చాలునని తోచును గాని, గట్లపై తిరుగు ట్రాలీకి నేను అంతకు పై రకమునే కొనుమందును.

గాడులు లోతుగా ఉన్నవని మోసపోరాదు. ట్రాలీ ఏడాదిలో చాల నెలలు ఎండలో ఊరక నిలిచియుండును. అరగకున్నను రబ్బరు ముదిరి ప్రక్కలు బీటలు వారును. తయారైన కాలము నాలుగంకెలలో ఉండును: 2523 అనిన 2023వ సంవత్సరపు 25వ వారము. ఆ అంకెలు చదివిన పిదపనే డబ్బు ఇయ్యవలెను. ఒకే ఇరుసుకు ఒకటి రేడియలు, ఒకటి నైలాను వేయరాదు. గాలిని ఉదయము బండి కదలక పూర్వము, టైరు చల్లగా ఉన్నపుడే చూడవలెను. గాలి తగ్గిన టైరు బరువుకు నలిగి, వేడెక్కి పగులును.

పగిలినపుడు బస్తాలపై మనుష్యులు కూర్చుండియుందురు. 2018 జూన్‌లో వలిగొండ మండలములో కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. అది టైరు వలన జరిగినదని నేననుట లేదు. గట్టుమీద బండి అదుపు తప్పినచో ఎంత నష్టమో తెలియుటకు చెప్పితిని. అసలు ట్రాలీ సరుకు మోయుటకే గాని మనుష్యులను ఎక్కించుటకు కాదు.

గ్రామాధికారులకు, సహకార సంఘముల వారికి ఒక మాట. కొటేషన్లు పిలుచునపుడు "టైర్లు 4" అని మాత్రమే వ్రాసినచో చౌక సరుకే వచ్చును. కొలత, మోయు బరువు, తయారైన సంవత్సరము, ఈ మూడును షరతుగా ముందే వ్రాయుడు. అప్పుడు తక్కువ ధర టైరును ఎందుకు కాదన్నారని ఆడిటరు అడిగినను చూపుటకు కాగితము ఉండును.