ఆటను చూచుట, ఆటను ఆడుట

కథ వినినంతనే విద్య అబ్బునా? జపానుదేశపు కథ యొకటి ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది. “హికారు నో గో” అను ఆ కథను యుమి హొత్త రచింపగా, తకేషి ఒబాత బొమ్మలు గీసెను. ఇట్టి బొమ్మల కథలను జపానీయులు మాంగా అందురు. 23 సంపుటములైన ఆ కథయే, 2001–2003 సంవత్సరములలో 75 భాగముల కదలెడి బొమ్మల చిత్రమై, అనగా అనిమేగా, టెలివిజనులో ప్రసారమయ్యెను.

కథకు ప్రాణము “గో” అను ప్రాచీన క్రీడ. అడ్డముగా 19, నిలువుగా 19 గీతలుగల పలకపై, 361 కూడళ్లలో ఇద్దరు ఆటగాండ్రు నల్లరాళ్లను, తెల్లరాళ్లను ఒకటొకటిగా పెట్టుదురు. గీతలవెంబడి రాయి నానుకొనియున్న కూడళ్లన్నియు ఎదుటివాని రాళ్లతో నిండినచో అది బందీ యగును. మన పులిజూదములో మేకలు పులిని కదలనీయక కట్టివేయుట నెరిగినవారికి ఈ సూత్రము సులభముగా బోధపడును. తుదకు చుట్టిన స్థలమును, పట్టిన బందీలను లెక్కించి గెలుపు నిర్ణయింతురు.

అనిమే భాగముల చివర యుకారి ఉమెజవ అను వృత్తి క్రీడాకారిణి పిల్లలకు నియమములను నేర్పెడిది. పుస్తకపు సౌకర్యము వేరు. తెరపై రాయి పడినంతనే దృశ్యము మారిపోవును. పుటలోని పలకను మనము కోరినంతసేపు పరిశీలింపవచ్చును. మరియు హొకుతో కప్ అను అంతర్జాతీయ పోటీ ఘట్టము పుస్తకమున గలదు గాని ఆ 75 భాగములలో లేదు. కనుక ఒకటి చూచినవాడు రెండవది చదువ నక్కరలేదనుట పొరపాటు.

అయినను ఆట నేర్చుటకు ఈ రెండును చాలవని నా అభిప్రాయము. హికారు తొలుత, పూర్వకాలపు ఆటగాని ఆత్మయైన సాయి చూపిన చోట్ల రాళ్లు పెట్టి, అకిరా అను మేటి బాలుని ఓడించును. పిదప పాఠశాలల పోటీలో, సాయి ఆరంభించిన ఆటను నడుమ తానే ఆడబూనగా, వాని అసలు బలము బయటపడును. అకిరా కోపించును, హికారు ఓడును. నియమములు వానికి తెలియును, ఆట మాత్రము రాదు. తెరముందు కూర్చున్న మన స్థితియు అట్టిదే. రాయి నెచ్చట పెట్టవలెనో వేరొకరు నిర్ణయించుచుండ, మనము తెలిసినట్లు తల యూపుచుందుము.

మరియొక చిక్కు కలదు. నల్లరాళ్లవాడు ముందాడును గనుక, తెల్లరాళ్లవానికి పరిహారముగా కొంత లెక్క కలుపుదురు. కథలో అది ఐదున్నర. జపానులో నేడది ఆరున్నర. వ్రాసిన కథ మారదు, ఆడెడి ఆట మారుచుండును.

బాలబాలికలారా! కథను చూడుడు, చదువుడు. అంతటితో ఆగక, కాగితముపై 9 గీతల చిన్న పలక గీసి, చింతగింజలను, గవ్వలను తీసికొని స్నేహితునితో కూర్చుండుడు. మొదట ఓడుదురు. హికారును ఓడెను, కాని ఓటమికి వెరచి పలకను విడిచిపెట్టలేదు.