దార్వాఘాటానికి ఒక మోడు

అమరకోశంలో వడ్రంగిపిట్టకు శతపత్రకము, దార్వాఘాటము అని పేర్లు. దారువును కొట్టేది కనుక రెండవది అన్వర్థం. నేటివారికి ఈ పేర్ల మాట అటుంచి, పక్షే తెలియదు. తలపై విసనకర్ర వంటి తురాయితో నేలమీద పురుగులేరుకొనే కూకుడుగువ్వను చూపి "అదిగో వడ్రంగిపిట్ట" అనేవారు చదువుకున్నవారిలోనూ ఉన్నారు. (పాపం, దాని ముక్కు మట్టి పెళ్లగించడానికే గాని మాను తొలచడానికి పనికిరాదు!)

మా బంగారుపాళ్యం చుట్టుపట్ల మామిడితోపులలో ఉండేది బంగారువీపు వడ్రంగిపిట్ట. పసిడివన్నె వీపు, నల్లని నడుము, ఎర్రని జుట్టు. ఊరిపేరుకు తగిన పక్షి అని నా ముచ్చట. బిరుసైన తోకను మానుకు ఊతగా ఆనించి కుదుపులతో పైకి ఎగబ్రాకుతుంది. పొడవైన నాలుకతో చీమలను, బెరడు క్రింది పురుగులను లాగి తింటుంది. ఆ నాలుకను మోసే ఎముక పుర్రె వెనుకనుండి చుట్టివస్తుంది. అన్ని దెబ్బలకు మెదడు అదరదా అంటే, పుర్రెలో మెత్త వంటి ఎముక ఉందని చాలాకాలం చెప్పుకున్నాము. 2022లో బెల్జియం దేశపు ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కొన్ని జాతుల వడ్రంగిపిట్టలను అతివేగపు కెమెరాలతో పరిశీలించి, ఆ మాట నిలవదన్నారు. తల గట్టి సుత్తి వలెనే పనిచేస్తుంది, మెదడు చిన్నది కనుక తట్టుకొంటుంది. మెత్త వేసిన సుత్తితో ఏ వడ్రంగి పనిచేస్తాడు?

నా అసలు వాదం దాని ఇంటిని గురించి. ఫిబ్రవరి మొదలు జూలై వరకు ఇది మానులో తొర్ర తొలిచి, సాధారణంగా మూడు తెల్లని గుడ్లు పెడుతుంది. వదలిన తొర్రలలో గోరువంకలు, చిలుకలు చేరుతాయి; పాతబడి వెడల్పైతే పైడికంటెలు కూడా. పైడికంటె ఎలుకలను, పురుగులను తింటుంది. చిలుకలు కాయలు కొరకడం నిజమే, ఆ నేరం వడ్రంగిపై మోపరాదు.

అయితే తొర్రకు తగిన లావు మానులేవి? ముదురు నాటుచెట్లు పోయి అంటుమొక్కలు వస్తున్నాయి. మిగిలిన మోడులు కట్టెల బండి ఎక్కుతున్నాయి. "ఎండుమాను పెట్టుకుంటే పురుగు పడతాది గదా అయ్యోరా" అంటారు రైతులు. కాండం తొలిచే పురుగు పట్టిన కొమ్మను కోయవలసిందే, అందులో నాకు వేరుమాట లేదు. ఏండ్లనాడు ఎండి బెరడూడిన మోడును దానితో జతకట్టడమే తగదు.

2025లో తోతాపురి ధర పడిపోయి రైతు పడిన అవస్థ మరచి పక్షిధర్మం బోధించడం నాకిష్టం లేదు. నేను చెట్లు నాటమనడం లేదు, తోపు వదలమనడం లేదు. గట్టున, దారికి, ఇంటికి దూరంగా ఉన్న ఒక్క మోడును దానంతటది కూలేవరకు ఉండనిమ్మంటున్నాను. కట్టెలకు అమ్మితే వచ్చేది ఏపాటి?